నీళ్ళ బొమ్మలో తెల్లరంగు

నూనెరంగుల్లో గీసిన ఏ ఏటి బొమ్మనైనా తీసుకోండి. సగానికి పైగా ఆకాశమే ఉంటుంది, మిగిలిన దాంట్లో సగం ఆ ఆకాశం నీడ పడ్డ నీళ్ళు. చూసేవాళ్ళకు అదంతా నీలం. గీసేవాడు ప్యాలెట్ మీద పిండుకునేది మాత్రం ఎక్కువగా తెలుపు. నీలం చిటికెడైతే తెలుపు గుప్పెడు. మబ్బు అంచు, రాయికి తగిలి లేచిన నురగ, ఎండకు మెరిసే ఇసుక, పొద్దుటి పొగమంచు, అన్నిటికీ ఆ తెలుపే కావాలి. కాబట్టి తెలుపులో లోపం ఉంటే మనుషుల బొమ్మలకన్నా, పూలకుండీల బొమ్మలకన్నా ముందు దెబ్బతినేవి ఏటి బొమ్మలే. మనవాళ్ళు చాలామంది వాడిన, ఇప్పటికీ వాడుతున్న తెలుపులో ఆ లోపం ఉంది. గొంతు పెంచి చెప్పే అలవాటు నాకు లేదు. రుజువులు మాత్రం గట్టిగానే ఉన్నాయి.

నా పని పాత నూనెరంగు చిత్రాల మరమ్మతు. మిరుదొడ్డి, దుబ్బాక, సిద్దిపేట వైపు పాత ఇళ్ళకు పోతే ముందుగదిలో గోడకు ఒక 'సీనరీ' తగులుతుంది. గడ్డికప్పు ఇల్లు, పక్కన నీటిచక్రం తిరిగే పిండిమర, నీళ్ళ మీదికి వంగిన విల్లో చెట్టు, రాతి వంతెన, రెండు తెల్లబాతులు. ఆ ఇంట్లోవాళ్ళు గానీ గీసిన మనిషి గానీ బొమ్మలోని ఆ ఊరిని ఎన్నడూ చూసినవాళ్ళు కారు. క్యాలెండర్ల మీద, బిస్కెట్ డబ్బాల మూతల మీద వచ్చిన ఇంగ్లండు పల్లె అది. అక్కణ్ణుంచి ఫోటో స్టూడియో పరదాల మీదికి, పెళ్ళి కానుకల్లోకి, గోడల మీదికి ఎక్కింది. ఫ్లెక్సీలు వచ్చి సైన్‌బోర్డు పెయింటర్ల పని ఊడగొట్టేదాకా వాళ్ళలో చాలామందికి ఈ సీనరీలే పక్క ఆదాయం. వీటిని చూసి నవ్వే చిత్రకారులు నాకు తెలుసు. నాకు నవ్వు రాదు. నీళ్ళ మీద వెలుగు ఎట్లా పడుతుందో ఆ చేతులు నేర్చుకున్నది ఆ ఇంగ్లండు ఏటి మీదే. కొన్ని చేతులు ఆ తరవాత మన కూడవెల్లి వాగును కూడా గీశాయి.

ఆ క్యాలెండర్ బొమ్మల తాత ఎవరో తెలిసిందే. జాన్ కాన్‌స్టబుల్ 1776లో సఫోక్ ప్రాంతంలోని ఈస్ట్ బెర్గ్‌హోల్ట్‌లో పుట్టాడు. తండ్రికి స్టౌర్ నది మీద ఫ్లాట్‌ఫర్డ్ దగ్గర పిండిమర ఉండేది. 1821లో పూర్తిచేసిన 'ది హే వెయిన్' ఆ మర పక్కన నీళ్ళలో నిలిచిన బండి బొమ్మ. గుర్రాలు లాగే బండి. వెడల్పు ఆరడుగులు. నది ఒడ్డున గీసుకున్న చిన్న చిన్న నూనెరంగు నమూనాలు ముందు పెట్టుకుని లండన్ ఇంట్లో గీశాడు. 1824లో పారిస్ సలోన్‌లో దానికి బంగారు పతకం వచ్చింది. స్వదేశంలో మాత్రం ఆకుల మీద, నీళ్ళ మీద ఆయన చిలకరించే తెల్లటి చుక్కలను 'కాన్‌స్టబుల్ మంచు' అని ఎగతాళి చేశారు. ఆ ఎగతాళికి గురైన తెలుపు సీసపు తెలుపు. రెండు వందల ఏళ్ళు దాటినా బట్టను పట్టుకునే ఉంది.

సీసపు తెలుపు వాడమని నేను చెప్పబోవడం లేదు. అది విషం. పిల్లల మెదడును దెబ్బతీస్తుందనే మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని 2016లో నిబంధన పెట్టి, 2017 నవంబరు నుంచి అమలు చేశారు. ఆ విషం నుంచి తప్పించుకోవడానికి వెతికిన దారిలోనే నేను చెబుతున్న తెలుపు వచ్చింది. పారిస్‌లో ఇళ్ళకు రంగులు వేయించే లెక్లేర్ అనే గుత్తేదారు తన పనివాళ్ళు సీసం వల్ల జబ్బుపడటం చూడలేక 1840లలో జింక్ ఆక్సైడ్‌ను నూనెలో కలిపి పెద్ద ఎత్తున తయారుచేయించాడు. ఉద్దేశం మంచిది. రంగు కూడా అందమైనదే. సీసపు తెలుపులా గంధకపు పొగకు నల్లబడదు. కొద్దిగా నీలి ఛాయ కొట్టే చల్లటి తెలుపు కావడంతో ఆకాశానికీ నీళ్ళకూ దానికన్నా బాగా కుదిరేది లేదని చిత్రకారులు మురిసిపోయారు. నది గీసేవాళ్ళు దాన్ని వదలకపోవడానికి కారణం అదే.

దాంతో ఏం జరుగుతుందో చెప్పాలంటే ముందు నూనె ఎట్లా ఎండుతుందో చెప్పాలి. అవిసె నూనె నీళ్ళలా ఆవిరైపోదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని లోపల అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టిపడుతుంది. ముట్టుకుంటే అంటని స్థితికి వారాల్లో వస్తుంది గానీ లోపల మార్పు దశాబ్దాలు సాగుతుంది. ఆ క్రమంలో నూనె నుంచి కొవ్వు ఆమ్లాలు విడివడతాయి. పక్కనే జింక్ ఉంటే వాటితో కలిసి జింక్ సబ్బు తయారవుతుంది. రసాయన శాస్త్రంలో దాని పేరే సబ్బు. ఆ సబ్బు పలుచని పలకలుగా పేరుకుంటుంది, ముఖ్యంగా పొరకూ పొరకూ మధ్య. పొర గట్టిపడుతుంది, సాగే గుణం పోతుంది, కింది పొర మీద పట్టు వదులుతుంది. గాలిలో తేమ, వేడి ఎక్కువైతే ఇదంతా వేగంగా జరుగుతుంది.

అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో మారియన్ మెక్లెన్‌బర్గ్, చార్లెస్ టుమోసా, వాళ్ళ సహచరులు రకరకాల నూనెరంగులను పలుచని పొరలుగా పరిచి, ఏళ్ళ తరబడి మామూలుగా ఎండనిచ్చి, తరవాత యంత్రంలో బిగించి సాగదీసి చూశారు. మొదటి పొరలు 1970ల చివరివి. కృత్రిమంగా వేడిచేసి వయసు పెంచిన నమూనాలు కావవి. ఓపిక కావాల్సిన పని, ఆ ఓపికకు నేను దండం పెడతాను. సీసపు తెలుపు పొరలు ఏళ్ళు గడిచినా కొంత సాగాయి. జింక్ పొరలు మూడేళ్ళకే వేయించిన అప్పడంలా పెళుసెక్కాయి. ఒక శాతమైనా సాగకముందే తెగిపోయాయి. బట్ట మీద గీసిన బొమ్మ రోజూ ఎంతోకొంత సాగుతూ ముడుచుకుంటూనే ఉంటుంది కాబట్టి ఆ అంకెకు అర్థమేమిటో వేరే చెప్పక్కర్లేదు.

ప్రయోగశాల సంగతి అట్లా ఉండగా, నిజమైన చిత్రాల మీద సాక్ష్యం కూడా వచ్చింది. వాషింగ్టన్‌లోని హిర్ష్‌హోర్న్ మ్యూజియంలో ఉన్న ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం నాటి చిత్రాలను డాన్ రొగాలా బృందం పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించింది. పైన ఏ రంగు ఉన్నా, ఊడిపోతున్న చోట్ల కింద జింక్ ఆక్సైడ్ పూత ఉంది. అంటే పైపొరలో తప్పు లేకపోయినా అడుగుపొర దాన్ని పడదోస్తుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీకి చెందిన గిలియన్ ఓస్మండ్ 2012లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనంతా ఒకచోట చేర్చి జింక్ తెలుపు స్వభావం మీద సమీక్ష రాశారు. ఆ గ్యాలరీ ఉన్న బ్రిస్బేన్ ఉక్కపోత ఊరు. యూరప్ చలిదేశాల అనుభవంకన్నా ఆ ఊరి అనుభవం మనకు దగ్గర.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. రొగాలా చెప్పిన అడుగుపొర మాట చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చినవి మన ఫైన్ ఆర్ట్స్ విద్యార్థుల హాస్టల్ గదులు. మన దేశంలో బట్టకు కోటింగ్ వేసుకునే పద్ధతి బొమ్మలు గీసేవాళ్ళందరికీ తెలుసు. మార్కీన్ బట్టనో కాన్వాసు బట్టనో చెక్క ఫ్రేముకు లాగి మేకులు కొడతారు. బకెట్లో జింక్ ఆక్సైడ్ పొడి పోసి, ఫెవికాల్, నీళ్ళు కలిపి, ఉండలు లేకుండా చేత్తో పిసుకుతారు. పగలకుండా ఉండాలని కొందరు అందులో కాస్త అవిసె నూనె కూడా పోస్తారు, ఇంకొందరు మిగిలిపోయిన ఎనామెల్ కలుపుతారు. వెడల్పాటి బ్రష్షుతో అడ్డంగా ఒక కోటు, ఎండాక ఉప్పుకాగితంతో రుద్ది నిలువుగా ఇంకో కోటు. రెడీమేడ్ కాన్వాసు కొనే స్తోమత లేని పిల్లలకు ఇంతకన్నా దారి లేదు. సీనియర్లు జూనియర్లకు, వాళ్ళు తరవాతివాళ్ళకు నేర్పుకుంటూ వచ్చారు. ఎవరినీ తప్పుపట్టలేం. ఆ పొడి చవక, తెల్లగా ఉంటుంది, రంగుల దుకాణంలో కిలోల లెక్కన దొరుకుతుంది. కానీ దాని అర్థం ఏమిటి? దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ బొమ్మ మొత్తం జింక్ మంచం మీద పడుకున్నట్టే. ఆకాశానికీ నీళ్ళకూ వాడిన తెలుపులోనూ జింక్ ఉంటే పైనా కిందా రెండువైపులా అదే. అందులో నూనె పోసినవాళ్ళు పగుళ్ళను ఆపబోయి సబ్బుకు కావాల్సిన సరుకంతా ఒకే బకెట్లో కలిపిపెట్టారు.

మిరుదొడ్డి వైపు ఒక ఇంట్లో చూసిన బొమ్మ సంగతి చెబుతాను. గీసినాయన సైన్‌బోర్డులు రాసి బతికిన మనిషి, ఇప్పుడు లేడు. ఎండాకాలపు కూడవెల్లి వాగు. నీళ్ళు లేవు, తెల్లటి ఇసుక, ఇసుకలో తవ్విన చెలిమె, చెలిమె పక్కన వంగి గిన్నెతో బిందె నింపుతున్న ఆడమనిషి, ఒడ్డున రెండు తాటిచెట్లు, పైన మబ్బులేని ఎండ ఆకాశం. ఇంగ్లండు సీనరీల్లో నీళ్ళకు నేర్చుకున్న పొడవాటి అడ్డ గీతలను ఆయన ఇక్కడ ఎండిన ఇసుక అలలకు వాడుకున్నాడు. ఆ తెలివి నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టింది. "నాయిన గీసిండు సార్. గోడ చెమ్మకు ఖరాబైంది" అన్నాడు కొడుకు.

గది చీకటి చేసి, టార్చిలైటును గోడకు ఆనించినట్టు పక్కనుంచి వేసి చూశాం. ఎదురు వెలుగులో కనపడనివన్నీ అప్పుడు లేచి నిలబడతాయి. ఆకాశమంతా సన్నటి గీతలు, గీతల అంచులు పైకి లేచి ఉన్నాయి, ఒక్కో పెచ్చు వేలిగోరులో సగమంత. ఇసుక భాగంలో కొన్ని పెచ్చులు అప్పటికే రాలాయి. రాలిన చోట అడుగున బట్ట కాదు, శుభ్రమైన తెల్లటి కోటింగు మెరుస్తోంది. తాళ్ళ మొదళ్ళ దగ్గర, ఆడమనిషి చీర ముదురు ఎరుపులో ఒక్క గీత లేదు. బొమ్మను దించి వెనక్కి తిప్పాం. చెమ్మ పట్టిన బట్టకు వెనకవైపు గోధుమరంగు చారలు పడతాయి, ఫ్రేము మేకులు తుప్పు పడతాయి. రెండూ లేవు. చెమ్మే కారణమైతే కిందినుంచి పైదాకా అన్ని రంగులూ పోవాలి. తెలుపు ఎక్కువున్న చోటే పోయింది, ముదురు రంగులు నిలిచాయి. గోడ నిర్దోషి.

అయితే వాతావరణానికి ఇందులో పాత్ర లేదని కాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట మన గాలిలో తేమ 30 శాతం దరిదాపుల్లోకి పడిపోతుంది. ముసురు పట్టిందంటే 80 దాటుతుంది. తేమ పెరిగితే బట్టకు రాసిన జిగురు ఉబ్బి మెత్తబడుతుంది, తగ్గితే ముడుచుకుని లాగుతుంది. బాగా తడి పట్టిన బట్ట తానే కుంచించుకుపోతుంది. రంగు పొర ఈ లాగులాటనంతా భరించాలి. సాగేది భరిస్తుంది, పెళుసెక్కింది విరుగుతుంది. దీనికి తోడు మన ఇళ్ళలో ఎండాకాలం కూలర్లు. పగలంతా బొమ్మ ఉన్న గదిలోకి తడిగాలి కొడుతుంది, రాత్రి బంద్ చేస్తే గది మళ్ళీ ఎండుతుంది. ఏడాదికోసారి రావాల్సిన మార్పు రోజుకోసారి వస్తుంది. కూలరుకు ఎదురుగోడ మీది బొమ్మకన్నా దురదృష్టవంతురాలైన బొమ్మ ఇంకోటి ఉండదు, వంటింటి గోడ మీది సీనరీ తప్ప.

గాలి తేమకూ పెచ్చులకూ ఉన్న సంబంధం ప్రపంచానికి తేటతెల్లమైంది రెండో ప్రపంచయుద్ధంలో. బాంబుల భయంతో లండన్ నేషనల్ గ్యాలరీ తన చిత్రాలను 1941లో వేల్స్ కొండల్లోని మానోడ్ స్లేటు గనిలోకి తరలించింది. గని లోపల ఇటుకలతో గదులు కట్టి, వేడినీ తేమనూ ఒకే తీరుగా ఉంచారు. అప్పటిదాకా ఏటా కొత్త పొక్కులు అతికించుకుంటూ కూర్చున్న మరమ్మతుదారులకు ఆ గనిలో దాదాపు పని లేకుండా పోయింది. 1945లో చిత్రాలు లండన్‌కు తిరిగొచ్చాక పొక్కులు మళ్ళీ లేచాయి. ఆ గ్యాలరీ తరవాత గదులకు ఎయిర్ కండిషనింగ్ పెట్టించడానికి ఈ అనుభవమే పునాది. అక్కడున్నవి ఎక్కువగా సీసపు తెలుపు చిత్రాలు, అంటే గట్టివి. గట్టివాటికే అంత తేడా కనపడితే జింక్ పొరల సంగతి మీరే ఊహించండి.

దీనికి జవాబుగా నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న వాన్ గో. ఆయన జింక్ తెలుపు పుష్కలంగా వాడాడు, ఉత్తరాల్లో దాని గురించి రాశాడు కూడా, ఆయన చిత్రాలు ఉన్నాయి కదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. జింక్ ఉన్న ప్రతి బొమ్మా ఊడిపోదు. పరిమాణం, నూనె పాళ్ళు, పక్కన కలిసిన వేరే రంగులు, కింద బట్టా చెక్కా అన్నవి ఫలితాన్ని మారుస్తాయి. గట్టి చెక్క మీద గీసినవి ఎక్కువకాలం నిలుస్తాయి, ఎందుకంటే చెక్క బట్టలా కదలదు. పైగా వాన్ గో చిత్రాలు స్థిరమైన గాలి ఉన్న గదుల్లో, పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే మనుషుల చేతుల్లో ఉన్నాయి. మన బొమ్మలకు ఆ రెండూ లేవు. ఏది ఊడుతుందో ఏది నిలుస్తుందో ముందే పందెం కాయలేనప్పుడు జాగ్రత్త అన్నిటికీ అవసరమే.

పోతే పోయేవి ఏమిటో కూడా చూడాలి. తెలుగు నేల మీద ఏటి బొమ్మకు ఇంగ్లండుతో నేరుగా ఒక ముడి ఉంది. ఆస్వాల్డ్ కూల్డ్రే థేమ్స్ నది ఒడ్డున అబింగ్‌డన్ ఊరివాడు, నీటిరంగుల చిత్రకారుడు, కవి. 1909 నుంచి 1919 దాకా రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్. ఆయన చేరదీసిన కుర్రాళ్ళలో అడివి బాపిరాజు ఉన్నాడు, దామెర్ల రామారావు ఉన్నాడు. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక 1920లో కూల్డ్రే వేసిన కవితల పుస్తకం పేరు 'థేమ్స్ అండ్ గోదావరి'. రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి, మసూచి సోకి 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయాడు. అంత కొద్దికాలంలో ఆయన గీసిన మనుషులూ, గోదావరీ, కొండలూ మనకు దక్కాయి. రాజమండ్రిలో ఆయన పేరిట చిత్రశాల ఉంది. ఆయన బొమ్మలు గీసిన కాలానికి జింక్ తెలుపు బజారులో మామూలు సరుకు. ఏ బొమ్మలో ఏ తెలుపు ఉందో ఇవాళ పెచ్చు గీకకుండానే చెప్పొచ్చు. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే ఫ్లోరొసెన్స్ యంత్రాన్ని బొమ్మకు దగ్గరగా పెడితే సీసమో జింకో టైటానియమో నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తరం తెలుగు చిత్రాలన్నిటికీ, ఎక్కడ ఉన్నా సరే, ఈ పరీక్ష ఒకసారి జరగాలి. ఊడాక చేసే పరీక్ష పోస్టుమార్టం.

బొమ్మ పోతే మళ్ళీ గీసుకుందామన్నా ఆ ఏరు అట్లాగే ఉండదు. పోలవరం కట్ట వెనక నీళ్ళు పూర్తిగా నిలిచాక పాపికొండల మధ్య గోదావరి రామారావు కాలపు గోదావరిలా ఉండదు. మా వైపు ఆ మార్పు ఇప్పటికే వచ్చేసింది. కూడవెల్లి వాగు మిరుదొడ్డి మండలం మీదుగా పోయి నర్మాల దగ్గర ఎగువ మానేరులో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఎండి ఉండి, వానాకాలం ఉరికే వాగు. 2021లో కాళేశ్వరం నీళ్ళు అందులోకి వదిలారు. చెక్‌డ్యాంల వెనక నీళ్ళు నిలబడటం మొదలైంది. రైతుకు మంచిదే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. కానీ ఇసుకలో చెలిమె తవ్వుకుని గిన్నెతో నీళ్ళు తోడుకున్న వాగు ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇంకాస్త అవతల, తొగుట వైపు, 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. వేములఘాట్, ఏటిగడ్డకిష్టాపూర్ లాంటి ఊళ్ళు దాని కింద పోయాయి. ఆ ఊళ్ళ వీధులనూ కుంటలనూ ఎప్పుడో ఒక డ్రాయింగ్ మాస్టారో సైన్‌బోర్డు పెయింటరో గీసి ఉంటే, ఆ బొమ్మ ఇప్పుడు పునరావాస కాలనీలో ఎవరింటి గోడకో ఉంటుంది. ఆ రోజుల ఫోటోలు చాలావరకు పెళ్ళిళ్ళవీ, పాస్‌పోర్టు సైజువీ. ఊరి రంగు తెలియాలంటే ఆ బొమ్మే ఆధారం.

సిద్దిపేట కాపు రాజయ్య గారి చిత్రాలకు ఈ బెడద ఇట్లా ఉండదని ఇక్కడే చెప్పాలి. నకాషీ బాణీలో నీటితో కలిపే రంగులు ఆయనవి. నూనె లేనిచోట సబ్బు లేదు. వాటికి వేరే శత్రువులున్నారు, వాటి గురించి వేరుగా రాయాలి.

కొత్తగా గీసేవాళ్ళు చేయాల్సింది పెద్ద కష్టమైనదేం కాదు. ట్యూబు ముందు పెద్దక్షరాల్లో ఏం రాసి ఉన్నా నమ్మకండి. వెనక చిన్నక్షరాల్లో రంగు సంకేతం ఉంటుంది: పీడబ్ల్యూ 4 అంటే జింక్, పీడబ్ల్యూ 6 అంటే టైటానియం, పీడబ్ల్యూ 1 అంటే సీసం. టైటానియం వైట్ అని అమ్మే ట్యూబుల్లో చాలావాటిలో 6 పక్కన 4 కూడా ఉంటుంది. మిక్స్‌డ్ వైట్ అంటే ఇంచుమించు అదే. నేపుల్స్ యెల్లో హ్యూ లాంటి లేత రంగుల్లోనూ అది దూరుతుంది, సాయంకాలపు ఆకాశం గీసేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి. ఇప్పుడు కొన్ని కంపెనీలు జింక్ లేని టైటానియం తెలుపును విడిగా అమ్ముతున్నాయి. ట్యూబు మీద సంకేతమే లేకపోతే ఆ తెలుపు కొనకండి. పిల్లల అభ్యాసానికి పనికొస్తుంది, దాచుకునే బొమ్మకు కాదు. బకెట్ కోటింగులో జింక్ పొడి బదులు చాక్ పౌడర్, అందులో కొంత టైటానియం డయాక్సైడ్ కలపండి. అదే దుకాణంలో రెండూ దొరుకుతాయి. చాక్ పౌడర్ ఇంకా చవక. నూనె మాత్రం పోయకండి. బట్టను ప్లైవుడ్ మీద అతికించి గీస్తే సగం గొడవ తగ్గుతుంది. టర్పెంటైన్ ఖరీదని కిరోసిన్‌తో పలుచన చేసే అలవాటు మానండి. అది పూర్తిగా ఎగిరిపోక పొరను బలహీనం చేస్తుంది, ఆరడమూ ఆలస్యం చేస్తుంది.

ఇంట్లో ఇప్పటికే ఉన్న బొమ్మల సంగతి వేరు. జింక్ సబ్బు ఒకసారి తయారైతే దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. చేయగలిగింది వేగం తగ్గించడం. కూలరుకు ఎదురుగా, వంటింటి గోడకు, వాన కొట్టే బయటిగోడకు బొమ్మను తగిలించకండి. లోపలి గోడకు మార్చి, వెనకవైపు ఒక అట్టనో హార్డ్‌బోర్డునో ఫ్రేముకు స్క్రూలతో బిగించండి. గోడ నుంచి వచ్చే చెమ్మనూ వెనకనుంచి తగిలే దెబ్బలనూ అది ఆపుతుంది, బట్ట మీద తేమ ఒక్కసారిగా మారకుండా చూస్తుంది. చాలాకాలం బీరువా వెనక చీకట్లో ఉన్న బొమ్మ పసుపెక్కినట్టు కనపడితే భయపడకండి. అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది, నేరుగా ఎండ పడని వెలుగుగదిలో కొన్ని వారాలుంచితే చాలావరకు తగ్గుతుంది. ఆ పసుపును మురికి అనుకుని పండుగ ముందు తడిగుడ్డతోనో గాజు తుడిచే మందుతోనో తుడవడం, తుడిచాక మెరుపు కోసం కొబ్బరినూనె రాయడం, ఈ రెండిటివల్ల పోయిన బొమ్మలను నేను చాలా చూశాను. లేచిన అంచు కిందికి నీళ్ళు దిగితే ఆ పెచ్చు మీ గుడ్డకే అంటుకుని వస్తుంది.

ఏడాదికోసారి, వానలు మొదలయ్యే ముందు, గది చీకటి చేసి టార్చి పక్కనుంచి వేసి ఫోన్‌తో ఫోటో తీయండి, ప్రతిసారీ ఒకే దూరం నుంచి. నిరుటి ఫోటో పక్కన పెట్టి చూసుకుంటే గీత పెరిగిందో లేదో మీకే తెలుస్తుంది. పెరుగుతుంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది, ముందు అక్కడి నిపుణులను సలహా అడగండి. బొమ్మను మోటారు సైకిల్ మీద నిలబెట్టి మాత్రం తీసుకెళ్ళకండి. వెల్లకిలా, రంగువైపు పైకి ఉండేట్టు పడుకోబెట్టి తీసుకెళ్ళాలి. పెచ్చులు రాలితే ఊడ్చి పారేయకండి, ఫెవికాల్‌తో అతికించనూ వద్దు. తడిలేని మెత్తటి బ్రష్షుతో కాగితం మీదికి తోసి, తపాలా కవర్లో వేసి, బొమ్మలో ఏ మూలనుంచి రాలాయో, ఏ తేదీన రాలాయో కవరు మీద రాయండి. ఆకాశం పెచ్చులు ఒక కవర్లో, ఇసుక పెచ్చులు ఇంకో కవర్లో. రెండూ కలిపేస్తే తరవాత విడదీయడం ఎవరివల్లా కాదు, తెలుపు అంతా ఒకేలా ఉంటుంది.